పోలి దీపం, నాన్నగారి వత్తులు

కార్తీక అమావాస్య వెళ్లిన మర్నాడు పోలి పాడ్యమి. ఇంకా చీకటి ఉండగానే నరసాపురంలో గోదావరి రేవు ఆడవాళ్లతో నిండిపోతుంది. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి గోదావరి పాయ వశిష్ఠలోకి వదిలి, చేత్తో మూడుసార్లు నీళ్లు తోసి పోలిని స్వర్గానికి పంపుతాం.

పోలి కథ మన ఇళ్లలో తెలియనివాళ్లు అరుదు. చిన్న కోడలు. అత్తగారు మిగతా కోడళ్లను తీసుకుని నదీస్నానానికి వెళ్తూ, పోలికి మాత్రం నూనె, వత్తి ఏవీ దొరక్కుండా చేసి వెళ్లేది. పోలి బావి దగ్గర స్నానం చేసి, పెరట్లో పత్తి ఏరి వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టేది. ఎవరి కంటా పడకుండా దాని మీద బుట్ట బోర్లించేది. నెలంతా అంతే. చివరికి ఆమె కోసం విమానం వచ్చింది. చిన్నప్పుడు ఈ కథలో నాకు విమానమే గుర్తుండేది. ఇప్పుడు ఆ బుట్టే గుర్తుంటోంది.

రెండేళ్ల క్రితం ఆశ్వయుజంలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. రాత్రి మూతి వంకర పోతే గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగాం. మెదడు నాళంలో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి 4.5 గంటల లోపే ఇవ్వాలట. మాకు తర్వాత తెలిసింది. మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం కూడా ఆగకండి.

ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయి నాన్నగారికి రైతు భాషలోనే చెప్పాడు. "బాబాయ్‌గారూ, పెద్ద కాలవ పూడిపోయిందనుకోండి. పక్క బోదెల్లోంచి నీళ్లు తిప్పి చేలోకి తెచ్చుకుంటాం కదండీ. మెదడూ అంతేనండి. చచ్చిన కణాలు తిరిగి రావు, పక్కవి ఆ పని నేర్చుకుంటాయి. కానీ బోదె రోజూ పారాలండి."

మొదటి మూడు నెలలు మార్పు కళ్లకు కనబడింది. వేలు కదిలింది, కాలు నేలకు ఆనింది. తర్వాత అంతా నెమ్మదించింది. చాలా ఇళ్లలో వ్యాయామం మానేసేది ఇక్కడే అనుకుంటాను. "ఇంక ఇంతేనండీ" అనేవాళ్లు, నాటు మందు చెప్పేవాళ్లు రోజుకొకరు వచ్చేవారు. అప్పుడే అమ్మ ఆయన ముందు పళ్లెంలో పత్తి పెట్టి, "దేవుడికి ఒక్క వత్తి చేసి పెట్టండి" అంది. ఫిజియో అబ్బాయి సంతోషపడ్డాడు. ఊరికే బంతి నొక్కడం కంటే చేతికి అర్థమున్న పని ఇస్తే మెదడు బాగా పట్టుకుంటుందట.

బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పత్తి నిలవాలి. మొదటిరోజు అరగంటసేపు జారిపోతూనే ఉంది. కొన్నాళ్లకు ఒక వత్తి అయింది. జ్వరం వచ్చినా, రాత్రి నిద్ర లేకపోయినా మర్నాడు అదీ రాదు. "నిన్న చేశారు కదా నాన్నా!" అని ఒకసారి విసుక్కున్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్షవాతం తర్వాత దిగులు కమ్ముకోవడం మామూలేనని, దాన్ని మొండితనం అనుకోకూడదని నాకు అప్పటికి తెలియదు. ప్రేమ కొద్దీ చొక్కా బొత్తాలు నేనే పెట్టేదాన్ని, అన్నం నేనే కలిపేదాన్ని. అదీ పొరపాటే. వాడని చెయ్యి, వాడకపోవడానికే అలవాటు పడిపోతుంది.

మాట విషయంలో మాత్రం దేవుడే దారి చూపించాడనిపించింది. మంచినీళ్లు కావాలని అడగలేని మనిషి, అమ్మ పూజలో "శుక్లాంబరధరం" అనగానే "విష్ణుం" అన్నారు! చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన శ్లోకాలు, పాటలు ఇలా కొందరికి మిగులుతాయని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. అరవై ఏళ్లు రోజూ చెప్పుకున్న శ్లోకం ఆయన్ని వదల్లేదు. ఆ ఒక్క పదం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మాటే కూడబెట్టుకున్నాం.

రోజూ లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. చూసిపోయేవాళ్లకు అదే మంచం, అదే చెయ్యి. పోలి అత్తగారికి కూడా ఆ ఇంట్లో దీపం ఉన్నట్టే తెలియదు. నెల మధ్యలో ఏదో ఒక రోజు పోలికి కూడా, ఎవరూ చూడని ఈ దీపం ఎందుకు అనిపించి ఉంటుంది. కథలో ఆ మాట లేదు. మర్నాడు మళ్లీ కవ్వం దగ్గరికి వెళ్లిందని మాత్రం ఉంది.

మొన్న పోలి పాడ్యమికి నాన్నగారు కర్ర పట్టుకుని రేవు పైమెట్టు దాకా నడిచారు. దొప్పలో ముప్పై వత్తులు పెట్టాం. పదకొండు ఆయన చేసినవి. ఒక కొస లావు, ఒక కొస సన్నం. అమ్మ నీళ్లలోకి దిగి దొప్ప వదిలింది. ఆయన పైనుంచి కుడిచెయ్యి కొంచెం ఎత్తి మూడుసార్లు గాలిలోనే తోశారు.

ఇంటికొచ్చి టిఫిన్ చేసి, ఎనిమిదింటికి పత్తి పళ్లెం దగ్గరికి లాక్కున్నారు.