ఊడిపడే తలకట్టు

ఇవాళ లేజర్ మెషీన్ మీద ఉన్నదల్లా ఒక్క మాట పని. అక్క కూతురి పుస్తకాల అర మీద పెట్టడానికి, అడుగున ఎల్ఈడీ పట్టీ వెలిగే అక్రిలిక్ (గాజులా కనబడే ప్లాస్టిక్) పలక. దాని మీద ‘పుస్తకం’ అని ఉండాలి.

మొదట అక్షరాలనే కోసి వరసగా నిలబెడదామనుకున్నాను. ఫాంటును గీతల్లోకి మార్చాక గానీ తత్వం బోధపడలేదు. మన ‘ప’కీ ‘స’కీ తలకట్టు అక్షరానికి అంటుకోదు, నెత్తిన విడిగా ఉంటుంది. ఇన్నేళ్లు రాస్తూ కూడా ఎప్పుడూ పట్టించుకోలేదు. లేజర్ కోసేస్తే అది టిక్కు గుర్తులా ఊడి కింద జాలీలో పడుతుంది. త వత్తుదీ అదే గతి. ఇక సున్న సంగతి సరేసరి: ఒక ఉంగరం, ఒక బొత్తాం. సన్నటి వంతెనలు వేసి కలిపి చూశాను. ‘స’ చేతికర్ర ఆనుకుని నిలబడ్డట్టు ఉంది. వద్దులే, చెక్కుదాం అనుకున్నాను. కోత పలక చుట్టూ మాత్రమే.

మొదటి పలక దండగ. చెక్కిన చోట మంచు పట్టినట్టు తెల్లగా రావాలి. రాలేదు. వేలితో తడిమితే గాడి తెలుస్తోంది గానీ కంటికి అక్షరం ఆనదు. అది ఎక్స్‌ట్రూడెడ్ షీటు, అంటే కరిగించి సందులోంచి నెట్టి తీసినది. పాత ముక్కల్లోంచి లాగాను, చూపుకి కాస్ట్ షీటుకీ దీనికీ తేడా ఏమీ లేదు. అచ్చులో పోసి గట్టిపరిచే కాస్ట్ షీటులో అణువుల గొలుసులు చాలా పొడవు. అది అంత తేలిగ్గా కరిగి పారదు, అందుకే చెక్కిన చోట గరుకు తెల్లదనం నిలుస్తుంది. ఎక్స్‌ట్రూడెడ్‌లో గొలుసులు పొట్టి, వేడి తగిలితే మెత్తబడి మళ్లీ నున్నగా సర్దుకుంటుంది.

అసలు ఈ పారదర్శకత అంతా మన కంటికే. నా పాత నీలం డయోడ్ లేజర్ కిరణం ఈ పలకలోంచి దూరి వెళ్లిపోయేది, గీత కూడా పడేది కాదు. ఇప్పటి మెషీన్‌లో ఉన్నది 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కుమార్ పటేల్ తయారు చేసిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ రకం. దానిది 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న, కంటికి కనబడని కిరణం. దానికి ఇదే పలక గోడతో సమానం.

రెండోసారి కాస్ట్ ముక్కే తీశాను. వెనకవైపు చెక్కాలి కాబట్టి మాటను అద్దంలో ప్రతిబింబంలా తిప్పాలి. ఆ సంగతి స్టార్ట్ నొక్కబోతూ గుర్తొచ్చింది. తెల్లగా, పొడిపొడిగా, బాగా వచ్చింది. చుట్టూ కోస్తుండగా అక్క ఫోన్. ఎత్తలేదు. అక్రిలిక్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. కోత నడుస్తున్నంతసేపూ మెషీన్ దగ్గర్నుంచి కదలను. అంచు మాత్రం ఎవరో గంటసేపు పాలిష్ పెట్టినట్టు మెరిసింది. అది చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

అక్కడితో ఆగాల్సింది. కవరు కాగితం తీయకుండానే చెక్కానేమో, అక్షరాల చుట్టూ జిగురు మిగిలింది. చేతికి అందిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. కాసేపటికి దీపం కింద పెట్టి చూస్తే అంచు పొడవునా వెంట్రుకల్లాంటి పగుళ్లు, లోపలికి పాకుతూ. కోత వేడికి అంచులో బిగువు దాగి ఉంటుంది, ఆల్కహాల్ తగలగానే అది విచ్చుకుంటుంది. సబ్బునీళ్లు చాలు. లేదంటే ముందు 80 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి మెల్లగా చల్లార్చాలి. ఈ సంగతి నేనే ఇంకొకరికి చెప్పి ఉంటాను కూడా!

సాయంత్రం అక్కకి ఫోన్ చేసి, పట్టీ మీద నిలబెట్టి వీడియోలో చూపించాను. వెలుగు గీరిన ప్రతిచోటా ఆగుతుంది కదా, ‘పుస్తకం’తో పాటు పగుళ్లన్నీ వెలిగాయి. “పిన్నీ, చుట్టూ గడ్డి కూడా వేశావా?” అంది పిల్ల.

అవునన్నాను. మిగిలిన కాస్ట్ ముక్క ఇంకో పలకకి సరిపోతుందో లేదో ఇంకా కొలవలేదు.