టూల్ డిస్క్రిప్షన్‌లో ఒక్క లైన్ రాసి రెండు రోజులు పోగొట్టుకున్నా

పోయిన వారం రెండు రోజులు ఒక ఏజెంట్‌తో కుస్తీ పట్టా. సపోర్ట్ టికెట్లు (కస్టమర్ల ఫిర్యాదులు) చూసుకునే చిన్న ఏజెంట్, అంటే ఏఐ మోడల్ తనే టూల్స్ పిలుస్తూ పని చేసే ప్రోగ్రామ్. టూల్స్ అంటే మోడల్ పిలవగలిగే ఫంక్షన్లు, ఒక్కోదానికీ డిస్క్రిప్షన్ అని చిన్న వివరణ రాస్తాం. అవి మొత్తం కలిపి ఆరు, అంతకన్నా ఏం లేదు. "నిన్న క్లోజ్ అయినవి ఎన్ని" అని అడిగితే సున్నా అని చాలా ధీమాగా చెప్పేది. డేటాబేస్‌లో చూస్తే బోలెడు ఉన్నాయి.

ముందు సిస్టమ్ ప్రాంప్ట్ (మోడల్‌కి మొదట్లోనే ఇచ్చే సూచనలు) మీద పడ్డా. జాగ్రత్తగా ఆలోచించు, సరైన టూలే వాడు, మళ్లీ చెప్తున్నా సరైన టూలే వాడు, ఇలా బతిమాలుతూ ఒక పేరా రాశా. తర్వాత ఇంకా పెద్ద మోడల్‌కి మార్చా. అదీ సున్నానే అంది, కాకపోతే ఇంకాస్త మర్యాదగా. అప్పుడు గానీ బుద్ధి రాలేదు, లాగ్ తెరిచి మోడల్‌కి అసలు ఏం వెళ్తోందా అని చూశా.

వెళ్తున్నది ఇదీ: "సెర్చ్ టికెట్స్" అని ఒక టూల్, దాని కింద "టికెట్లు వెతుకుతుంది". "క్వెరీ టికెట్స్" అని ఇంకోటి, దాని కింద "టికెట్ల డేటా తెస్తుంది". రాసింది నేనే. మొదటిది ఓపెన్‌లో ఉన్నవాటినే చూస్తుంది, రెండోది క్లోజ్ అయ్యి ఆర్కైవ్‌కి వెళ్లినవాటిని చూస్తుంది, ఈ ముక్క నా బుర్రలో ఉంది, కోడ్‌లో ఉంది, మోడల్‌కి వెళ్లేదాంట్లో మాత్రం ఎక్కడా లేదు. ఫంక్షన్ లోపల ఎంత నీట్‌గా రాసుకున్నా మోడల్ ఆ కోడ్ చూడదు కదా, దానికి కనిపించేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల జేసన్ స్కీమా (టూల్‌కి ఏ విలువలు, ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక), అంతే. ఆ రెండు లైన్లు చూసి నేనైనా ఏది పిలవాలో చెప్పలేను, బొమ్మా బొరుసూ వేసుకోవాలి.

పేర్లు మార్చా, ఒకటి "సెర్చ్ ఓపెన్ టికెట్స్", ఇంకోటి "సెర్చ్ క్లోజ్డ్ టికెట్స్". మొదటిదాని డిస్క్రిప్షన్ ఇప్పుడు ఇలా ఉంది: "ఇంకా పరిష్కారం కాని టికెట్లలో మాత్రమే వెతుకుతుంది. క్లోజ్ అయినవి ఇందులో రావు, వాటికి సెర్చ్ క్లోజ్డ్ టికెట్స్ వాడు. టికెట్ నంబర్ ముందే తెలిస్తే వెతకొద్దు, నేరుగా గెట్ టికెట్ పిలువు. ఒక్కసారికి 50 వరకే ఇస్తుంది, ఇంకా ఉంటే నెక్స్ట్ పేజ్ టోకెన్ వస్తుంది." ప్రాంప్ట్‌లో రాసిన బతిమాలుడు పేరా మొత్తం పీకేశా, పాత చిన్న మోడలే పెట్టా, సరిగ్గా పిలిచింది. నన్నడిగితే ఇందులో అసలు పని చేసింది "ఇందులో రావు" అన్న ముక్క. టూల్ ఏం చేస్తుందో అందరం రాస్తాం, ఏం చెయ్యదో, ఎప్పుడు వాడకూడదో మాత్రం రాయం, ఎందుకంటే అది మనకి తెలిసిన విషయమే కదా అనిపిస్తుంది.

పారామీటర్ల దగ్గర ఇంకో కామెడీ. "డేట్, స్ట్రింగ్" అని వదిలేశా. ఒకసారి "నిన్న" అని పంపింది, ఇంకోసారి 03/04/2025 అని పంపింది, అది మార్చి 4నా ఏప్రిల్ 3నా దేవుడికే తెలియాలి. పోనీ అని టైమ్‌స్టాంప్ నంబర్‌గా (1970 జనవరి 1 నుంచి ఎంత సమయం గడిచిందో చెప్పే అంకె) మార్చా. మోడల్ సెకన్లలో పంపింది, నా సర్వర్ మిల్లీసెకన్లు అనుకుంది, 1970 జనవరి నుంచి టికెట్లు వెతకడం మొదలెట్టింది. తప్పు ఎవరిది అంటే, యూనిట్ ఏంటో నేను రాస్తే కదా. ఇప్పుడు ఐఎస్ఓ 8601 ఫార్మాట్ (ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు రాసే అంతర్జాతీయ పద్ధతి), యూటీసీ టైమ్ (ప్రపంచమంతా ఒకటే లెక్క) అని రాసి పక్కనే ఒక ఉదాహరణ పెట్టా, 2025-04-03 అని. స్టేటస్ లాంటి ఫీల్డ్‌కైతే వర్ణన కూడా అక్కర్లేదు, ఈనమ్ (ఇవి తప్ప వేరేవి కుదరవు అని చెప్పే లిస్ట్) పెట్టి ఉన్న నాలుగు విలువలూ ఇచ్చేస్తే చాలు.

టూల్ తిరిగి ఇచ్చే మాట కూడా డిస్క్రిప్షన్ లాంటిదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఏమీ దొరక్కపోతే నా టూల్ ఖాళీ లిస్ట్ ఇచ్చేది, ఎర్రర్ వచ్చినా అదే ఖాళీ లిస్ట్. పాపం ఏజెంట్ స్పెల్లింగ్ మార్చి, తేదీ మార్చి పదిసార్లు పిలిచి చూసేది. ఇప్పుడు "వెతికాం, సరిపోయేవి ఏవీ లేవు" అన్నది వేరు, "తేదీ ఫార్మాట్ తప్పు, ఇలా పంపు" అన్నది వేరు. రెండోది చూడగానే దిద్దుకుని మళ్లీ పిలుస్తోంది, మొదటిది చూస్తే ఆగుతోంది.

మరీ పొడుగు రాస్తే టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు, ఖర్చు వాటి లెక్కనే) తింటుంది కదా అంటారు. నిజమే, మామూలుగా ప్రతి రిక్వెస్ట్‌తో పాటు అన్ని టూల్స్ డిస్క్రిప్షన్లూ వెళ్తాయి. కానీ క్లాడ్ మోడల్స్ చేసే ఆంత్రోపిక్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఒక్కో టూల్‌కి కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయమంటారు, నా అనుభవం కూడా అదే, తప్పు టూల్ నాలుగుసార్లు పిలిస్తే అయ్యే ఖర్చు ముందు ఆ నాలుగు వాక్యాలు ఎంత. అసలు బరువు ఎక్కడొస్తుందంటే, 2024 నవంబర్‌లో ఎంసీపీ (బయటి టూల్స్‌ని మోడల్‌కి తగిలించే ఉమ్మడి పద్ధతి) వచ్చాక ఎవరో రాసిన సర్వర్లు నాలుగైదు తగిలించేసి, ఒక్కోదాంట్లో ఇరవై టూల్స్, వాటిలో మనం వాడేవి మూడు. అవసరం లేనివి ఆఫ్ చెయ్యండి. తగిలించే ముందు వాటి డిస్క్రిప్షన్లు ఒకసారి చదవండి కూడా, అందులో ఎవరైనా దొంగ సూచన దాచిపెడితే మోడల్ దాన్ని కూడా మన మాటే అనుకునే ప్రమాదం ఉంది.

నా ఆరింటిలో ఐదు తిరగరాశా. మిగిలింది "అప్‌డేట్ టికెట్". నిన్న రాత్రి కూర్చుని "ఇచ్చిన ఫీల్డ్స్ మాత్రమే మారుస్తుంది, ఇవ్వనివి" వరకు రాసి ఆగిపోయా. ఇవ్వనివి అలాగే ఉంటాయా, ఖాళీ అయిపోతాయా, నాకే గుర్తు లేదు. కోడ్ తెరిచి చూడాలి.