పార్కింగ్ లాట్‌లో ఒక గోడ

ముందే చెప్తున్నా, నాకు బేస్‌బాల్ అంటే పడదు. పద్నాలుగేళ్ళుగా అట్లాంటాలో ఉంటున్నా, ఆఫీసువాళ్ళు టికెట్లిస్తే ఒక్కసారి స్టేడియానికి వెళ్ళి, మూడు గంటలు ఫోన్ చూసుకుని, చల్లారిపోయిన నాచోస్ తిని వచ్చా. అలాంటిదాన్ని ఆదివారం పొద్దున్నే లేచి, కమ్మింగ్ నుంచి నలభై మైళ్ళు కారు నడుపుకుంటూ ఓ గోడ చూడ్డానికి పోయానంటే అదంతా మా నాన్న పుణ్యం.

అమ్మానాన్న 2020 ఫిబ్రవరిలో వచ్చారు. మూడు నెలలుండి, మామిడికాయల టైముకి వెళ్ళిపోదామని. కరోనా వచ్చి ఏడాది దాకా కదల్లేదు. నాన్న ధర్మవరం పక్క ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు కదలకుండా కూర్చోవడం ఆయనకి జైలే. గరాజ్ ముందు పొద్దునా సాయంత్రం లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. మిగతా టైమంతా వాట్సాప్.

2021 జనవరి 22, శుక్రవారం. స్కూలు స్టాఫు పాత గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ పెట్టారు: అమెరికాలో పెద్ద ఆటగాడు టీకా వేయించుకున్న పదిహేడు రోజులకే పోయాడు, జాగ్రత్త. జార్జియాలో 65 దాటినవాళ్ళకి అప్పుడప్పుడే టీకాలు మొదలయ్యాయి. నేను నాన్నకి స్లాటు కోసం రాత్రుళ్ళు వెబ్‌సైట్లు తిప్పుతున్నా. "ఏమ్మా, నేను ఏసుకోవల్లనా వద్దా?" అంటూ ఫోన్ తెచ్చి నా మొహాన పెట్టాడు.

చదివి చెప్పా. అట్లాంటా బ్రేవ్స్ జట్టులో బేస్‌బాల్ ఆడిన హ్యాంక్ ఆరన్, ఎనభై ఆరేళ్ళు, నిద్రలోనే పోయాడు. నల్లవాళ్ళు టీకాకి భయపడుతున్నారని, వాళ్ళకి ధైర్యం చెప్పడానికి కెమెరాల ముందు వేయించుకున్నాడు. (అది సహజ మరణమేనని, టీకాకి సంబంధం లేదని తర్వాత కౌంటీవాళ్ళు చెప్పారు. ఆ వార్త మాత్రం ఏ గ్రూపూ ఫార్వర్డ్ చెయ్యలేదు.)

నాన్న టీకా సంగతి మర్చిపోయాడు. "హ్యాంక్ ఆరనా? ఏడువందల యాభై ఐదు హోమ్ రన్లు. ఆయప్ప ఈ ఊరేనా?"

నేను నోరెళ్ళబెట్టా. డ్రిల్లు మాస్టారు చదువు బీపీఈడీలో, బేస్‌బాల్‌కి చెల్లెల్లాంటి సాఫ్ట్‌బాల్ నేర్చుకున్నాడట. జోనల్స్ అనే స్కూలు పోటీలకి జట్లు తీసుకెళ్ళేవాడట. బ్యాటు కొనడానికి డబ్బుల్లేక వేపకొమ్మ చెక్కించాడట. ఇన్నేళ్ళలో నాకీ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, "నువ్వెప్పుడు అడిగితివి?" అన్నాడు. అదీ నిజమే.

చూడాల్సింది గోడని కూడా ఆయనే తేల్చాడు. 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ (క్రికెట్లో సిక్సర్ లాంటిది) కొట్టి, పాతకాలం బేస్‌బాల్ హీరో బేబ్ రూత్ 714 రికార్డు దాటాడు, ఆ బంతి దాటిన చోట గోడముక్క ఇంకా ఉందట. యూట్యూబ్‌లో చూశాడు. అమ్మ చలి అని రానంది. రాకపోయినా పొద్దున్నే బొరుగులు తడిపి, పుట్నాలపొడి చల్లి, స్టీలు డబ్బా నిండా ఉగ్గాని పెట్టిచ్చింది. డౌన్‌టౌన్‌లో ఏం కొన్నా డాలర్లే, పైగా ఎవరు ముట్టుకున్నారో ఏమో అని.

హైవే 400 ఖాళీ. కరోనా చేసిన మేలు అదొక్కటే. దారిలో నాన్నకి ఫోన్లోంచి చదివి వినిపించే పని నా బ్లూటూత్‌కి అప్పగించా. మొబైల్, అలబామాలో పుట్టాడు. చిన్నప్పుడు కర్రతో సీసా మూతలు కొట్టి నేర్చుకున్నాడు. కుడిచేతి వాటంవాడే, కానీ మొదట్లో ఎడమచేయి పైన పెట్టి, చేతులు అడ్డంగా మార్చి బ్యాటు పట్టేవాడు. ఇది విని నాన్న సీట్లోనే చేతులు మార్చి పట్టి చూసుకున్నాడు. "ఇట్లా పడితే మణికట్టు ఇరగదూ?"

తర్వాత వచ్చింది, వాషింగ్టన్‌లో జరిగిన ముక్క. 1952లో, నల్లవాళ్ళకి వేరుగా నడిచిన నీగ్రో లీగ్ జట్టు ఇండియనాపోలిస్ క్లౌన్స్‌లో ఉన్నప్పుడు, వానకి మ్యాచ్ ఆగిపోతే అందరూ ఓ హోటల్లో టిఫిన్ చేశారు. తిని లేచేసరికి వంటింట్లోంచి పళ్ళాలు పగలగొడుతున్న చప్పుడు. వీళ్ళు తిన్న పళ్ళాలే. కుక్కలు తిని ఉంటే కడిగి వాడుకునేవాళ్ళు కదా అని ఆయన తర్వాత చెప్పుకున్నాడట. అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు.

నాన్న ఏమీ అనలేదు. హీటరు తగ్గించమన్నాడు.

ఫుల్టన్ స్ట్రీట్ ఎగ్జిట్‌లో దిగితే రోడ్డు పేరే హ్యాంక్ ఆరన్ డ్రైవ్. పార్కింగుకి ఇరవై డాలర్లు గుంజుతారని నేను ముందే సణుక్కుంటూ వచ్చా, నాన్న పద్నాలుగొందల అరవై రూపాయలని లెక్క కూడా కట్టేశాడు. తీరా వెళ్తే అడిగే దిక్కే లేదు. ఎందుకంటే మేం వెతుక్కుంటూ వచ్చిందే పార్కింగ్ లాట్.

నేనేదో మ్యూజియం ఊహించుకున్నా. గేటు, టికెట్, బొమ్మల దుకాణం. అక్కడున్నది తారు, తెల్ల గీతలు, దీపస్తంభాలు. ఆ 715 కొట్టిన స్టేడియం 1965లో తెరిచి 1997లో పేల్చి చదును చేశారు. పక్కనే ఒలింపిక్స్ కోసం కట్టింది టర్నర్ ఫీల్డ్ అయింది. 2016 సీజన్ అయ్యాక బ్రేవ్స్ అదీ వదిలేసి ఉత్తరాన కాబ్ కౌంటీకి పోయారు, మార్టా రైలు పోని చోటికి. "ముప్పై ఏండ్లకే పాతబడిందా? మా స్కూలు రేకుల షెడ్డు యాభై ఏండ్లది, ఇంకా నిలబడే ఉంది" అన్నాడు నాన్న. ఇంకా ఉండటం వల్లే పిల్లల మీద కారుతోందని నేననలేదు.

గోడ చిన్నది. పైన బోర్డు, పేరు, 715, తేదీ. కింద గులాబీలు, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని సూపర్‌మార్కెట్ పూలగుత్తులు, నాలుగైదు బంతులు, తడిసి ముడతపడ్డ టోపీ. అంతే. మన దగ్గరైతే పొద్దుగుంకేలోపు సెంటర్లో పది ఫ్లెక్సీలు లేచేవి, కింద నివాళులర్పించేవాళ్ళ ఫొటోలు ఆయన ఫొటోకంటే పెద్దవి. ఇక్కడ వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కారు దిగి, కాసేపు నిలబడి, వెళ్ళిపోతున్నారు. ఆ నిశ్శబ్దం బాగుందనిపించింది, కాసేపటికి దిగులూ వేసింది.

నాన్నకి దిగుళ్ళేం లేవు. గోడ నుంచి వెనక్కి అడుగులు వేసుకుంటూ బ్యాటు పట్టుకుని నిలబడే చోటు, హోమ్ ప్లేట్, ఎక్కడుండాలో లెక్కగట్టాడు. గొడుగు తిప్పి పట్టుకుని, ఎడమచేయి పైన పెట్టి ఊపాడు. మాస్కులోంచి ఎవరో గట్టిగా నవ్వారు.

అరవైకి దగ్గర్లో ఉన్న నల్లాయన, కోటు మీద 44 నంబరు జెర్సీ. పికప్ ట్రక్కు వెనక తలుపు దించి కూర్చుని ఉన్నాడు. (44 హ్యాంక్ ఆరన్ నంబరు. ఆ ఏడాదే బ్రేవ్స్ సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి ముందు 44 మ్యాచ్‌లు, తర్వాత 44 గెలిచి ఏకంగా వరల్డ్ సిరీస్ కొట్టారు. నాన్న అప్పటికి ధర్మవరంలో ఉన్నాడు. నేను ఫోన్ చేసేలోపే ఆయనే చేశాడు.)

"సార్, ఫస్ట్ హీ హోల్డ్ రాంగ్ హ్యాండ్, నో?" అని నాన్న. ఆయన దిగి వచ్చి, ఆరడుగుల దూరంలో ఆగి, ఖాళీ చేతులతోనే చేసి చూపించాడు. ఇద్దరూ చేతులు మార్చి మార్చి పట్టుకుంటూ పది నిమిషాలు. నేను దుబాసీగా పనికిరానని ఇద్దరికీ త్వరగానే అర్థమైంది.

715 కొట్టిన ఆ రాత్రి ట్రక్కాయనకి పన్నెండేళ్ళట. నిద్రపోతుంటే వాళ్ళ నాన్న లేపి రేడియో దగ్గర కూర్చోబెట్టాడట. నాలుగో ఇన్నింగ్స్, బంతి విసిరిన డాడ్జర్స్ జట్టు పిచర్ అల్ డౌనింగ్, ఎడమ వైపు గోడ మీదుగా పోయిన బంతిని, పిచర్లు వార్మప్ చేసుకునే బుల్‌పెన్‌లో బ్రేవ్స్ పిచర్ టామ్ హౌస్ పట్టుకోవడం. స్టేడియంలో 53,775 మంది. ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు మైదానంలోకి దూకి పక్కనే పరిగెత్తి భుజం తట్టారు. అంతా సంతోషపడితే వాళ్ళ నాన్న మాత్రం రేడియోకి ఇంకా దగ్గరగా జరిగాడట, తుపాకీ చప్పుడు వినిపిస్తుందేమోనని. 1973లో ఆరన్‌కి 9 లక్షలకు పైగా ఉత్తరాలొచ్చాయి. వాటిలో చంపుతామన్నవి ఎన్నో. తల్లి హోమ్ ప్లేట్ దగ్గరికి పరిగెత్తుకొచ్చి కొడుకుని వాటేసుకుంది. ఈయన చెప్తుంటే నాన్నకి ఇంగ్లీషు ఎంత అందిందో తెలీదు, "మదర్, మదర్" అని మాత్రం రెండుసార్లన్నాడు.

ఆకలేసింది. డబ్బా తీస్తే ఎదురుగా మనిషి. పెట్టకుండా తినడం మా ఇంట్లో లేదు. పేపరు ప్లేటు తేలేదు, తిట్టుకున్నా. నాన్న స్టీలు మూత తిరగేసి, దాని నిండా ఉగ్గాని వేసి, పైన ఓ మిరపకాయ బజ్జి పెట్టాడు. ఇవ్వబోయి ఆగాడు. కరోనా. ట్రక్కు అంచున మూత పెట్టి, వెనక్కి ఆరడుగులు వచ్చి నిలబడ్డాడు. ఆయన వచ్చి తీసుకున్నాడు.

నాన్న మొహం మారిపోయింది. "ఇట్లే పెడ్తాండ్రి" అన్నాడు.

"ఎవరు నాన్నా?"

ఎనభై మూడో ఎనభై నాలుగో. పిల్లల్ని జోనల్స్‌కి తీసుకెళ్ళాడు. గెలిచారు. బస్టాండు దగ్గర ఓ ఊరి టీకొట్టులో అందరికీ టీ చెప్పాడు. కొట్టువాడు మొహాలు చూసి, ఏ ఊరు, ఏ వీధి అని అడిగి, ముగ్గురు పిల్లలకి గూట్లోంచి వేరే గ్లాసులు తీసి, అరుగు అంచున పెట్టి దూరం జరిగాడు. మ్యాచ్ గెలిపించిన పిచర్ వాళ్ళలో ఒకడు. తాగి, తన గ్లాసు తనే కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించాడు. వాడికి ఎక్కడ బోర్లించాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నువ్వేమన్నావు?"

"దుడ్లిచ్చినా. గమ్మున బస్సెక్కినా."

ట్రక్కు దగ్గర ఆయన మాస్కు గడ్డం కిందికి లాగి తింటున్నాడు. కారం తగిలినట్టుంది, నోరు తెరిచి గాలి పీల్చి, మాకేసి బొటనవేలు ఎత్తాడు. మెతుకు మిగల్చలేదు. టిష్యూతో మూత తుడిచి, తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలీక అటూ ఇటూ చూశాడు.

నేను హ్యాండ్‌బ్యాగులోంచి శానిటైజర్ తీశా. ఏడాదిగా పాలప్యాకెట్లు కూడా తుడుస్తున్న చెయ్యి, దానంతటదే పోయింది. నేను మూత తిప్పేలోపే నాన్న నాలుగడుగులు ముందుకెళ్ళి, ఆయన చేతిలోంచి స్టీలు మూత అందుకుని, సగం ఉగ్గాని ఉన్న డబ్బా మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కాడు.

కారులో మిగిలింది ఇద్దరం తిన్నాం. ఇంటికి చేరాక అమ్మ డబ్బా తీసుకుని, ఖాళీ చూసి సంతోషపడి, ఉప్పు సరిపోయిందా అని అడిగింది.