స్నోమొబైల్ లాగ్: ట్రెయిల్ దిగకుండా నడిచేలా బండి సిద్ధం

నవంబరు

ఈ సీజన్‌కి పెట్టుకున్న పని ఒకటే: గట్టి ట్రెయిల్ మీద బండి (మంచు మీద నడిచే స్నోమొబైల్) వేడెక్కకూడదు. దీనికీ అడవి జంతువులకీ చాలా సంబంధం ఉంది. లిక్విడ్ కూలింగ్ బండ్లలో కూలెంట్ చల్లబడాలంటే ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టా) ఎగజిమ్మే మంచు టన్నెల్ (ట్రాక్ పైనుండే చట్రం) కింది హీట్ ఎక్స్‌చేంజర్ల మీద పడాలి. ఐసులా బిగిసిన ట్రెయిల్‌లో ఆ మంచు లేవదు. టెంపరేచర్ లైటు వెలగ్గానే చాలామంది పక్కనున్న మెత్తటి మంచులోకి దించేస్తారు. సరిగ్గా ఆ మంచు కిందే, నేలకి ఆనుకుని ఉండే సందులో, ఓల్ ఎలుకలూ చుంచులూ చలికాలం వెళ్లదీస్తాయి. బయట ఎంత చలి ఉన్నా అక్కడ వేడి సున్నా డిగ్రీలకు అటూఇటూగానే ఉంటుంది. ట్రాక్ తొక్కితే మంచులోని గాలి పోతుంది, చలి నేల దాకా దిగుతుంది, ఆ సందూ మూసుకుపోతుంది.

అందుకే ట్రాక్ లోపలి రెండు రెయిళ్లకూ, గట్టి ట్రెయిల్‌ని గీకి ఐసు పొడి లేపే కేబుల్ రకం ఐస్ స్క్రాచర్లు బిగించాం. స్ప్రింగు చుట్టల రకం కూడా బాగానే గీకుతుంది గానీ, పైకి ఎత్తకుండా రివర్స్ వేస్తే వంగడమో విరగడమో జరుగుతుంది. మొన ట్రెయిల్‌ని కాస్త నొక్కుతూ ఆనాలి. ఊరికే తాకితే ఐసు పొడి లేవదు, మరీ నొక్కితే మొన తొందరగా అరిగిపోతుంది.

ఆ పొడి హైఫాక్స్‌కీ (రెయిళ్ల అడుగున ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకీ) అవసరమే. తడి అందకపోతే ట్రాక్ క్లిప్పుల రాపిడికి అది కరుగుతుంది. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చేసరికి నష్టం మొదలైపోయినట్టే. అరుగుదల గీత దాకా వచ్చిన హైఫాక్స్ తీసేసి జతగా కొత్తవి వేశాం. ట్రాక్ మరీ బిగుతుగా ఉన్నా రాపిడి పెరుగుతుంది కాబట్టి, మాన్యువల్‌లో చెప్పిన చోట చెప్పిన బరువు వేలాడదీసి ట్రాక్ ఎంత కుంగిందో కొలిచాం.

సైలెన్సర్ కంపెనీదే ఉంచాం. అమెరికాలో పరిశ్రమ ప్రమాణం ఫుల్ థ్రాటిల్‌లో 50 అడుగుల దూరాన 78 డెసిబెల్స్. కొన్ని కిలోలు తగ్గుతాయని పెట్టే తేలిక సైలెన్సర్లతో మోత పెరుగుతుంది. మా దృష్టిలో అది దండగ బేరం.

జనవరి

మ్యాపుల పని. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 2015 నిబంధన ప్రకారం నేషనల్ ఫారెస్టుల్లో స్నోమొబైళ్లు ఎక్కడ తిరగవచ్చో గుర్తించి మ్యాపుల్లో చూపాలి. ఆ హద్దుల్ని జీపీఎస్‌లోకి ఎక్కించాం. కాగితం కాపీ కూడా ఉండాలి, చలికి ఫోన్ బ్యాటరీ చటుక్కున పడిపోతుంది.

ఫిబ్రవరి

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. ఎల్క్, మూస్ (రెండూ పెద్ద జింక జాతులు) ఈపాటికి ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే నెట్టుకొస్తుంటాయి, దొరికే పుల్లలూ బెరడూ సరిపోవు. లోతు మంచులో ఒక్కసారి బెదిరి పరిగెత్తితే ఖర్చయిన శక్తి వసంతం దాకా తిరిగిరాదు. ఆడ వుల్వరీన్లు (నీటికుక్కల కుటుంబానికి చెందిన చలిదేశపు వేటజంతువులు) లోతు మంచులో గుహ తవ్వి పిల్లల్ని పెట్టేదీ ఈ రోజుల్లోనే.

ట్రెయిల్ మీద మూస్ ఎదురైతే దూరంగా ఆగాలి. పక్కన లోతు మంచు గోడలా ఉంటే దానికి దిగే దారి ఉండదు, వెనక నుంచి తరిమితే అలా కిలోమీటర్లు పరిగెడుతుంది. చెవులు వెనక్కి వాలి, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే మీద పడటానికి సిద్ధమైందని లెక్క, వెంటనే వెనక్కి తగ్గాలి. అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఎల్క్, బైసన్ లాంటి వాటికి 25 గజాలు, తోడేళ్లకూ ఎలుగులకూ 100 గజాల దూరం తప్పనిసరి. అది కనీసం మాత్రమే. జంతువు మేత ఆపి తలెత్తిందంటే, గజాలు ఎన్ని ఉన్నా మనం దగ్గరికి వచ్చేసినట్టే.

కారిబూ (చలిదేశపు జింకలు) ఉండే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండల్లో ఇంకో చిక్కుంది. ఎత్తుల్లోని మెత్తటి లోతు మంచే వాటికి రక్ష, తోడేళ్లు అందులో దిగబడిపోతాయి. మనం బండితో ఒక్క దారి పైకి తీసినా తోడేళ్లకు రోడ్డు వేసినట్టే. మంచు తాజాగా ఉందని ఎవరూ తొక్కని లోయలోకి కొత్త దారి తీయకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఏప్రిల్

ఎండకి ట్రెయిల్ మీద నేల బయటపడుతోంది. అలాంటి ముక్క వస్తే చుట్టూ తిరిగి పోకుండా వెనక్కి మళ్లడమే: పక్కన విల్లో పొదలూ చిన్న పైన్ మొక్కలూ పల్చటి మంచు కింద ఉంటాయి, ట్రాక్ తగిలితే కొసలు విరుగుతాయి. మిగిలిన పనులు: ట్రాక్ లగ్గుల (రబ్బరు పళ్ల) మధ్య ఇరుక్కున్న గడ్డి, విత్తనాలు కడగడం, పెట్రోల్‌లో స్టెబిలైజర్ కలిపి ఇంజిన్ కాసేపు నడపడం, స్క్రాచర్ మొనలు కొలిచి అరిగినవి మార్చడం.