తేగల కాలంలో కోనసీమ

నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. పుష్యమాసంలో వెళ్లాను. తేగల తవ్వకం చూడాలంటే ఇదే అదను. ముంజెలు కావాలంటే మాత్రం ఎండలు ముదిరేదాకా ఆగాలి.

అంతర్వేది వైపు ఇసుక మెరకల మీద తాడిచెట్లు కనిపిస్తాయి. కల్లుకు పోతుతాడైనా పెంటితాడైనా ఒకటే. కాయ కాసేది పెంటితాడు ఒక్కటే. దాని పళ్లు శ్రావణ భాద్రపదాల్లో రాలతాయి. గుజ్జు పిండి రొట్టెలు, గారెలు చేసుకున్నాక మిగిలిన టెంకలే తేగలకు విత్తనం. పండుకు మూడు దాకా వస్తాయి.

ఇక వాటిని పాతడంలోనే ఉంది పనితనమంతా. టెంక నుంచి మొలక ముందు కిందికి దిగుతుంది, తేగ ఊరేది ఆ కొసనే. అందుకే గుల్ల ఇసుకను మోకాలెత్తు తిన్నెగా పోసి, దాని మీద టెంకలు దగ్గరదగ్గరగా పరిచి, పైన పల్చగా మట్టి కప్పి తడుపుతుంటారు. కింద గట్టినేల తగిలితే తేగ వంకరపోతుంది, పొట్టిగా ఆగిపోతుంది. నీరు నిలిచిందా, కుళ్లే. మూడు నాలుగు నెలలకు తవ్వుతారు. తొందరపడితే సన్నగా, నీరునీరుగా ఉంటాయి. ఆకు పైకి పొడిచేదాకా వదిలేస్తే నోట్లో పీచే మిగులుతుంది. తేగ తీశాక టెంకను కత్తితో చీలిస్తే తెల్లటి బుర్రగుంజు. పిల్లలు ముందు దీనికే ఎగబడతారు, ఆ తీపి అలాంటిది.

తేగలు ఉడకబెట్టడం కంటే కాల్చడమే మేలని నా అభిప్రాయం. కుండలో నిలువుగా బిగించి కూర్చి, మూతికి ఆకు కుక్కి, బోర్లించి, చుట్టూ ఎండుటాకు, కొబ్బరి డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు) వేసి అంటిస్తారు. కుండలో ఖాళీ ఉంటే కొన్ని మాడి కొన్ని పచ్చిగా ఉండిపోతాయి.

తాటాకును కోయగానే పాకకు వాడరు. ఒకదానిమీద ఒకటి పేర్చి, బరువు పెట్టి, చదునుగా ఆరనిస్తారు. అలా ఆరనివ్వని ఆకు ముడుచుకుపోయి సందుల్లోంచి వాన కారుతుంది.

అంబాజీపేట దారిలో అన్నీ కొబ్బరి తోటలే. దింపు తీసిన కాయల్లో బాగా ముదిరినవి ఏరి, డొక్కతోనే అటక మీదికి ఎక్కిస్తారు. ఎనిమిది నెలలు, ఒక్కోసారి ఏడాది. లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి ఉండలా విడిపోతే అది కురిడీ. చెవి దగ్గర ఊపి చూస్తారు: నీళ్ల చప్పుడైతే ఇంకా నీటికాయే, గుండు దొర్లినట్టుంటే తయారైనట్టే. లేతకాయ ఎక్కిస్తే కొబ్బరి ముడతలు పడుతుంది. చెమ్మ తగిలితే మొలకెత్తుతుంది. చిప్ప కొట్టేవాడి చెయ్యి కాస్త బరువైనా ఉండ పగిలిపోతుంది, అది ఇక కురిడీ లెక్కలోకి రాదు. అంబాజీపేట మార్కెట్లో కురిడీకి ధర కట్టేది వెయ్యి కాయల లెక్కన. గండేరా, గటగట అని రెండు రకాలు, పాతవి వేరు, కొత్తవి వేరు. గండేరాకే ఎక్కువ పలుకుతుంది.