ఐదెకరాల కోసం పదేళ్ళా?

బెర్లిన్‌లో నోయెస్ మ్యూజియానికి అమ్మను తీసుకెళ్ళాను. ట్రాయ్ నగలు పెట్టిన, అందరూ మూగే అద్దాల పెట్టె ముందు ఆవిడ రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. "ఇది రోల్డ్‌గోల్డ్ కదే అమ్మీ" అనేసి పక్కకి జరిగింది. పక్కనున్న జర్మన్ చీటీని నేనింకా కూడబలుక్కుంటూనే ఉన్నాను. నకలు అనే రాసి ఉంది. నలభై ఏళ్ళుగా నంద్యాలలో కంసాలి తక్కెడ ముందు కూర్చుని బేరమాడిన మనిషికి చీటీ ఎందుకు?

అసలు బంగారం మాస్కోలో ఉంది. 1945లో సోవియట్ సైన్యం పట్టుకుపోయింది. యాభై ఏళ్ళ దాకా తమ దగ్గర ఉందని కూడా చెప్పకుండా, చివరికి 1996లో పుష్కిన్ మ్యూజియంలో బయటపెట్టారు. హైన్రిష్ ష్లీమాన్ అనే జర్మన్ వ్యాపారి 1873లో తవ్వితీసి "ప్రియాముడి నిధి" అని పేరు పెట్టిన నగలివి. ప్రియాముడంటే ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యంలో ట్రాయ్ అనే ఊరి రాజు. ఆయన కొడుకు పారిస్ గ్రీకు రాజు భార్య హెలెన్‌ను తీసుకొచ్చేస్తే, గ్రీకులంతా ఓడలెక్కి వచ్చి పదేళ్ళు యుద్ధం చేశారని కథ. మన రామాయణంలా అనబోయాను. "సీతమ్మ ఇష్టపడి పోలేదు" అని అమ్మ అక్కడే ఆపేసింది.

ష్లీమాన్ భార్య సోఫియా ఆ నగలు పెట్టుకుని దిగిన పాత ఫోటో ఫోన్‌లో చూపించాను. నుదుటి మీద సన్నని గొలుసుల వరుస, రెండు చెంపల మీదుగా భుజాల దాకా వేలాడే సరాలు. అమ్మ ఫోటోను పెద్దది చేసి చూసింది. "పాపిటచేరూ చెంపసరాలూ కలిపి ఒకే నగగా చేయించినారు, మంచి పనితనం." ఆ నగలను తన భార్య శాలువాలో మూటగట్టుకుని దాటించిందని ష్లీమాన్ రాసుకున్నాడు. నిజానికి ఆ రోజుల్లో ఆవిడ ఏథెన్స్‌లో ఉంది. ఆ మాట ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. ఒట్టోమన్ ప్రభుత్వం కోర్టుకెక్కితే 50,000 ఫ్రాంకులు కట్టి ఆ గొడవ వదిలించుకున్నాడు.

అయితే అసలు చిక్కు దొంగతనంతో కాదు, కాలంతో. తుర్కియే వాయవ్య మూలన హిసార్లిక్ అనే దిబ్బ ఉంది. అక్కడ ఒక ఊరి మీద ఇంకో ఊరు చొప్పున తొమ్మిది పొరలున్నాయి. ఆ దిబ్బలో కొంత భాగం ఫ్రాంక్ కాల్వర్ట్ అనే ఆయనది. ట్రాయ్ ఇదేనని ష్లీమాన్‌కు చెప్పి ఒప్పించింది కూడా ఆయనే, పేరు మాత్రం ష్లీమాన్‌కు దక్కింది. హోమర్ ట్రాయ్ అన్నిటికంటే అడుగున ఉంటుందనే నమ్మకంతో ష్లీమాన్ దిబ్బ మధ్యలోంచి పెద్ద కందకం కొట్టించాడు. బంగారం దొరికింది కింది నుంచి రెండో పొరలో, క్రీ.పూ. 2400 ప్రాంతానిది. యుద్ధం జరిగి ఉంటే క్రీ.పూ. 1300, 1200 మధ్యనో, ఆ తర్వాత కొద్దికాలానికో జరగాలి. అంటే రాయలవారి నగలని చెప్పి శాతవాహనుల నగలు చూపించినట్టు. తనకు కావలసిన పొరను చాలావరకు మట్టితోపాటు తట్టలకెత్తి పారబోయించాడు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయినేడాది ఏప్రిల్‌లో నేను హిసార్లిక్ వెళ్ళాను. హోమర్ ఆ ఊరిని గాలి ఊరు అంటాడు. చున్నీ నిలవలేదు, ఆయన అబద్ధం చెప్పలేదు. కథలో గ్రీకులు చెక్క గుర్రం కడుపులో దాక్కుని కోటలో దూరతారు కదా, గేటు దగ్గరున్న ఆ గుర్రం బొమ్మ 1970లలో కట్టింది, పిల్లలు ఎక్కి కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. ఆరో పొర కోటగోడ మాత్రం నిజంగా బాగుంది. చెక్కిన రాళ్ళు, కొంచెం లోపలికి వాలిన గోడ, కొన్ని అడుగులకోసారి ఒక నిలువు మడత. వేలు పెట్టి చూస్తే రాయికీ రాయికీ మధ్య సందు చాలా తక్కువ. సముద్రం ఏదని చుట్టూ చూస్తే పొలాలే. అప్పట్లో కోట దాపుదాకా అఖాతం ఉండేదని, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిపోయిందని నేలలోకి గొట్టాలు దింపి తీసిన మట్టిని పరీక్షించి తేల్చారు. కోట లోపలి భాగం మొత్తం ఐదెకరాలు.

ఈ సంగతి చెప్పగానే అమ్మ నవ్వింది. "ఐదెకరాల కోసం పదేళ్ళా? మనూళ్ళో సివిల్ దావా కూడా అంతకాలం..." అని, మా పెదనాన్న గుర్తొచ్చి కాబోలు, ఆగిపోయింది.

అదే అనుమానం పండితులకూ వచ్చింది. 1988 నుంచి అక్కడ తవ్విన మాన్‌ఫ్రెడ్ కోర్ఫ్‌మాన్, కోట బయట దక్షిణంగా పెద్ద దిగువ పట్నం ఉండేదని, రాతినేలలో తొలిచిన కందకం దాన్ని చుట్టి ఉండేదని చెప్పాడు. ఆయన లెక్కలో ఊరు మొత్తం 75 ఎకరాలు. ఫ్రాంక్ కోల్బ్ అనే చరిత్రకారుడు ఒప్పుకోలేదు, అదంతా పెంచి చెప్పిన మాట అన్నాడు. ఇద్దరూ ట్యూబింగెన్ యూనివర్సిటీ వాళ్ళే. 2001, 2002లలో వాళ్ళ కొట్లాట జర్మన్ పేపర్లకెక్కింది.

ఇక యుద్ధం ఆనవాళ్ళు. 1932–38 మధ్య అమెరికన్ కార్ల్ బ్లేగెన్ తవ్వినప్పుడు, ఆరో పొర భూకంపంతో కూలిందనీ, దాని మీది 7-ఎ పొర మంటల్లో పోయిందనీ తేల్చాడు. ఇప్పటి లెక్క ప్రకారం ఆ మంటలు క్రీ.పూ. 1180 ప్రాంతంలోవి. 7-ఎ లో గోడ లోపలివైపు ఇరుకిరుగ్గా ఇళ్ళు, నేలలో మెడదాకా పాతిన పెద్ద పెద్ద కాగులు. ముట్టడి వస్తుందని చుట్టుపక్కల జనం కోటలో దూరి గింజలు దాచుకున్నారని ఆయన అనుకున్నాడు. దీనికి అమ్మ ససేమిరా అంది. "కాగులు పాతినారంటే యుద్ధమొస్తుందని ఎందుకనుకోవాల? మా నాయన జొన్నలకు పాతర తవ్వించినాడు. ఏ దండు వచ్చిందని?" నాకు జవాబు తోచలేదు. కాగుల ఆధారం నాకూ బలంగా అనిపించదు. కానీ ఆ పొరలోనే వీధుల్లో మనుషుల ఎముకలు, బాణం మొనలు దొరికాయి. విసరకుండా కుప్పలుగా మిగిలిన ఒడిసెల రాళ్ళూ ఉన్నాయి. కోర్ఫ్‌మాన్ వాదన ఏమిటంటే, ఊరివాళ్ళు గెలిచి ఉంటే ఎవరో ఒకరు ఆ రాళ్ళు సర్దేవాళ్ళు. ఇది నాకు నచ్చింది.

ఊరు కాలింది సరే, కాల్చింది గ్రీకులేనా? ఆ దగ్గరి కాలంలోనే గ్రీసులో పైలోస్ రాజభవనం కూడా కాలిపోయింది. సొంత కొంప అంటుకుంటుంటే వెయ్యి ఓడలేసుకుని ఎవరొస్తారు? నాకైతే మట్టిపలకల మీద నమ్మకం ఎక్కువ. ఇప్పటి తుర్కియేలో చాలా భాగాన్ని అప్పట్లో ఏలిన హిట్టైట్‌ల రాజధాని హత్తుసాలో దొరికిన పలకల్లో విలుసా అనే రాజ్యం పేరుంది. గ్రీకులో ట్రాయ్‌కు ఇలియోస్ అని ఇంకో పేరు, అంతకుముందు విలియోస్. క్రీ.పూ. 1280 ప్రాంతంలో హిట్టైట్ రాజుతో సంధి చేసుకున్న విలుసా రాజు పేరు అలక్సాందు. హోమర్ పారిస్‌ను అలెగ్జాండ్రోస్ అని కూడా పిలుస్తాడు! ఇద్దరూ ఒకరేనని నేననను. ఇంకో హిట్టైట్ రాజు అహ్హియావా రాజుకు రాసిన ఉత్తరంలో, విలుసా విషయంలో మన మధ్య వచ్చిన తగవు ఇప్పుడు సమసిపోయిందనే అర్థంలో ఒక ముక్క ఉంది. అహ్హియావా అంటే హోమర్ చెప్పే అకియన్లు, అంటే గ్రీకులేనని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఉత్తరంలో హెలెన్ లేదు, గుర్రం లేదు.

ఎస్‌బాన్ రైల్లో ఇంటికొస్తుంటే అమ్మ అడిగింది, "మరి ఆ ఊళ్ళో వాళ్ళు రాసుకున్నది ఏమీ దొరకలేదా?"

ఆ కాలానిది ఒక్కటే దొరికింది, 1995లో. రూపాయి బిళ్ళంత కంచు ముద్ర. లువియన్ అనే ఆ ప్రాంతపు పాత భాష రాసే బొమ్మల లిపిలో ఒకవైపు ఒక లేఖరి పేరు, రెండోవైపు ఒక ఆడమనిషి పేరు. భార్యే అయ్యుంటుందంటారు. అరిగిపోయి పేర్లు సరిగ్గా చదవడానికి రావు.

మా నాన్న రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ముప్పై రెండేళ్ళు దస్తావేజు లేఖరి. అమ్మ కాసేపు కిటికీలోంచి చూసి, "మీ నాయన స్టాంపు మీద నా పేరు యాడుండాది?" అంది. స్టేషన్ రాగానే నాకంటే ముందే దిగింది.