సెయింట్ లూయిస్‌లో ఒక ఆకు కోసం

అమెరికాలోని సెయింట్ లూయిస్ వెళ్లినవాళ్లు ముందు అక్కడి పెద్ద కమాను కట్టడం, గేట్‌వే ఆర్చ్ ఎక్కుతారు. మేమూ ఎక్కాం, దిగాం. నా మనసంతా మిస్సోరి బొటానికల్ గార్డెన్ మీదే ఉంది. బోటనీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా!

హెన్రీ షా అనే వ్యాపారి 1859లో తెరిచిన తోట ఇది. లోపల 1960లో కట్టిన, వానలడవి మొక్కల్ని పెంచే క్లైమట్రాన్ అనే పెద్ద గుమ్మటం ఉంది. మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. అడుగుపెట్టగానే కళ్లజోడు మసకబారింది. చేమ, కంద కుటుంబపు మొక్కలు అక్కడ చెట్లెక్కి కూర్చున్నాయి. మన పెరట్లో ఒద్దికగా నేల మీదుండే జాతికి అడవిలో ఇంత పొగరా అనిపించింది.

ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే హెర్బేరియంలోకి మాత్రం ఎవరు పడితే వాళ్లు వెళ్లలేరు. మా అమ్మాయి స్నేహితురాలు అక్కడే పనిచేస్తుంది. ముందే అనుమతి తీసుకుని పెట్టింది. సుమారు 70 లక్షల ఎండు నమూనాలట. వరసగా స్టీలు బీరువాలు, ఏసీ చలి.

"ఏం చూస్తారు అంకుల్?"

"ఆంథూరియం క్లావిజెరం" అన్నాను.

నికరాగ్వా నుంచి బొలీవియా దాకా వానలడవుల్లో చెట్లకు ఎగబాకే చేమ కుటుంబపు మొక్క ఇది. 1845లో పోపిగ్, ఎండ్లిచర్ దీన్ని వర్ణించారు. ముదిరిన మొక్క ఆకు విప్పిన చేతివేళ్లలా చీలి, అడ్డంగా రెండు మీటర్ల దాకా సాగుతుంది. ఎండు నమూనాను అతికించే షీటు కొలతేమో 16.5 × 11.5 అంగుళాలు! అంత ఆకును ఇంత షీటులో ఎలా ఇముడుస్తారన్నది పాఠం చెప్పే రోజుల నుంచీ నాకున్న సందేహం.

ఫోల్డరు తెరిచింది. ఒక్క మొక్కకు ఒకటి కాదు, ఎన్నో షీట్లు. ఒకదాని మీద తొడిమ చివర, చీలికలన్నీ కలిసే చోటు. ఇంకోదాని మీద ఒక్క చీలిక, అదీ రెండు మడతలు వేసి, దారంతో కుట్టి. రాలిన ముక్కలకు మూలన చిన్న కాగితం కవరు. రంగంటారా, అంతా ఒకే కాఫీ గోధుమరంగు. అడవిలో తడి ఆరదు కాబట్టి, సేకరించిన మొక్కల్ని న్యూస్‌పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో స్పిరిట్ పోసి మూటకడతారు. నమూనా కుళ్లకుండా దక్కుతుంది, రంగు మాత్రం దక్కదు.

అందుకే నేను ఆకును వదిలి లేబుల్ చదవడం మొదలుపెట్టాను. ఏ దేశం, ఎంత ఎత్తు, ఏ చెట్టు మీద, కంకి (సన్నని పూలు గుచ్చంగా ఉండే కాడ) ఊదా రంగు. కళ్లముందున్న కంకి మాత్రం మాడిన మిరపకాయంత నల్లగా ఉంది. ఆ ఊదా రంగు ఇప్పుడు ఆ ఒక్క మాటలోనే ఉంది. పనామాలోని బారో కొలరాడో దీవి మొక్కల మీద 1978లో గ్రంథం వెలువరించిన థామస్ క్రోట్ ఈ సంస్థ మనిషే. ఈ చేమ కుటుంబపు మొక్కల్నే జీవితమంతా వెతికి సేకరించాడు.

పాత లేబుళ్లలో కొన్నింటి మీద ఊరి పేరు తప్ప మరేమీ లేదు. కొత్తవాటిలో జీపీఎస్ అంకెలున్నాయి గానీ, ఒకటి రెండింట్లో పువ్వు రంగే రాయలేదు. "ఇలాగైతే ఎలాగమ్మా?" అన్నాను.

"అంకుల్, మీరు ఇక్కడికొచ్చి కూడా రికార్డులు దిద్దుతున్నారు" అని నవ్వింది.